కెప్టెన్ విహారి ఎడమచెయ్యి

కెప్టెన్ విహారి మళ్లీ పడిపోయాడు.

"అక్కడ్నే మేడం," అంటూ, గేమ్ ఆడి తప్పులు పట్టే నౌషీన్ హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పడేసింది. "దూకిండు, తాడు దాకా పోయిండు, చెయ్యి చాపిండు, జారిండు. పొద్దుగాల నుంచి ఇదే లొల్లి. గేమ్ ఆడుతున్నట్టు లేదు నాకు, పాపం ఆయన్ని పట్టుకుని బిల్డింగ్ మీంచి తోస్తున్నట్టుంది."

సలోమి తెరవైపు తల తిప్పలేదు. చూడాల్సిన అవసరమే లేదు. భూమి నుంచి అంతరిక్ష కేంద్రం దాకా వేలాడే ఆ లావుపాటి తీగ, దాని పేరు నింగితాడు. దానికోసం గాల్లోకి లేచిన విహారి, చాచిన ఎడమచెయ్యి, వేళ్లు ముడుచుకునేలోగా దాటిపోయే తాడు. నెలన్నరగా ఇదే చూసి చూసి ఆమెకి కలలో కూడా అదే వస్తోంది. కలలోనన్నా పట్టుకుంటాడేమోనంటే అక్కడా జారిపోతున్నాడు.

'శూన్యపథం' సినిమాలు ఐదు వచ్చాయి, ఐదూ ఆడాయి. ఆరోది షూటింగులో ఉంది. సినిమా విడుదలైన రోజే గేమ్ కూడా విడుదల కావాలని నిర్మాతలు ఎక్కడో కూర్చుని నిర్ణయించేశారు. గేమ్ తయారు చేసేవాళ్లని ఒక మాట అడుగుదామని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు. కంపెనీ పెద్ద ప్రణీత్ ఆ నిర్మాతల్లో ఒకాయనకి అల్లుడు. అతని నోట ఎప్పుడూ ఒకటే మాట.

"సింపుల్ మేడం," అన్నాడు ఆ వేళ కూడా, తలుపు దగ్గరే నిలబడి. "చెయ్యి కాస్త ఫాస్ట్ చేసెయ్యండి. అయిపోద్ది కదా?"

"చేశామండీ. చెయ్యి ఒక్కటీ తొందరపడితే మిగతా ఒళ్లు దానితో రాదు. బొంగరంలా తిరిగిపోయాడు. వీడియో పంపాను కదా?"

"అది కామెడీ వీడియో అనుకున్నాను."

సలోమి కళ్లు మూసుకుని తెరిచింది. మామూలు గేమ్ అయితే అతను చెప్పింది నిజంగానే సులువు. ఒక మనిషి దూకినదాన్ని కెమెరాలతో పట్టి బొమ్మకి అతికిస్తారు. నచ్చకపోతే అతుకు విప్పి మళ్లీ వేస్తారు. ఈ లాబ్‌లో చేసింది వేరు. మెడ వెనక నుంచి వేళ్ల చివర్ల దాకా చర్మంలా అంటుకునే ఒక తొడుగు తయారుచేశారు. కండరం కదలక ముందే వెన్నులోంచి దానికి వెళ్లే ఆజ్ఞని ఆ తొడుగు వింటుంది. ఒక మనిషి దాన్ని వేసుకుని కొన్ని వారాలు పరిగెత్తి, దూకి, పడి, లేస్తే చాలు. ఆ మనిషి ఒళ్లు ఎలా ఆలోచిస్తుందో యంత్రం నేర్చుకుంటుంది. దానికి 'నాడి' అని పేరు పెట్టింది సలోమే. మొదటిసారి నాడిని విహారి బొమ్మలోకి ఎక్కించిన రోజున, ఎవరూ రికార్డు చేయని ఒక గోడ ముందు అతన్ని నిలబెట్టారు. విహారి గోడని కిందికీ మీదికీ చూశాడు. రెండు అరచేతులూ తొడలకి తుడుచుకున్నాడు. అప్పుడు ఎగిరాడు. లాబ్ అంతా చప్పట్లు కొట్టింది. సలోమి మాత్రం ఆ అరచేతులనే చూస్తూ ఉండిపోయింది. ఎందుకంటే అలా తొడలకి చేతులు తుడుచుకునేది వాళ్ల అన్నయ్య.

సినిమాల్లో కెప్టెన్ విహారి వేషం కట్టే పెద్ద హీరోగారు స్టూలు మీంచి కూడా దూకరు. ఐదు సినిమాల్లోనూ ఆయన బదులు దూకింది ఏలియా. చీరాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, కృష్ణానగర్లో గది తీసుకుని, చెల్లెల్ని ఇంజనీరింగ్ చదివించిన ఏలియా. ఒంటి మీద ఎన్ని కుట్లున్నాయో అతనే మర్చిపోయాడు. కనీసం గేమ్‌లోనైనా దూకేవాడు వాడేనని నలుగురికీ తెలియాలని సలోమి పట్టుబట్టి అన్నని లాబ్‌కి తెచ్చింది. ఇప్పుడా దూకేవాడే తాడు అందుకోలేకపోతున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె కృష్ణానగర్ వెళ్లింది. మెట్లెక్కుతుండగానే మాడు వాసన ముక్కు పగలగొట్టింది. లోపల వంటింట్లో వదిన సుగుణ నల్లబడ్డ గిన్నెని సింకులో పడేసి నీళ్లు వదిలింది. ఏలియా ముందుగదిలో కుర్చీలో కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు.

"చూడు సలోమీ, మీ అన్న నిర్వాకం!" అంది సుగుణ. "ఎండు నెత్తళ్ల పులుసు పొయ్యి మీద పెట్టి, కాస్త చూస్తా ఉండండీ అని చెప్పి మేడ మీదకి బట్టలు తేవడానికి వెళ్లా. వచ్చేసరికి ఇల్లంతా పొగ. ఈయన ఇక్కడే ఉన్నాడు! ఎండుచేప మాడితే వీధి చివరోళ్లకి వాసన వస్తది. ఈయన ముక్కుకి మాత్రం రాలేదంట!"

"రాలేదే. జలుబు," అన్నాడు ఏలియా పేపరు దించకుండా.

"ఏడాది నుంచి జలుబా? కాఫీ పొడి వాసన తెలీదు, అగరొత్తి వాసన తెలీదు. ఆ మధ్య గ్యాసు లీకైతే పక్కింటావిడ వచ్చి చెప్పింది!"

"ఈఎన్‌టీకి చూపించుకోరాదా అన్నయ్యా?"

"వెళ్తాలే. షూటింగ్ అవనీ." ఏలియా పేపరు మడిచి నవ్వాడు. "ముందు నీ సంగతి చెప్పు. మీవోడు ఇంకా పడతానే ఉన్నాడంట? నన్ను పెట్టుకుని కూడా తాడు అందుకోలేకపోతే అది మీ తెలివితక్కువే. నా పరువు తీస్తున్నారు కదే!"

ఎక్కడలేని చిరాకంతా సలోమికి ఒక్కసారి ముంచుకొచ్చింది. ఆఫీసులో ప్రణీత్, ఇక్కడ వీడు. ఆ విసుగులోనే సరిగా అన్నం కూడా తినకుండా లేచింది. ఏలియా కిందిదాకా సాగనంపడానికి వచ్చాడు. వీధి మలుపు దగ్గర కారెక్కి వెనక్కి చూస్తే, ఇంటివైపు నడిచి వెళ్తున్న అన్న వీపు కనిపించింది. కుడిచెయ్యి ఎప్పటిలాగే ఊగుతోంది. ఎడమచెయ్యి పక్కటెముకలకి అంటుకుని, అద్దెకి తెచ్చుకున్న చెయ్యిలా ఊరికే వేలాడుతోంది.

సలోమి కారు కదిలించింది. ఆ క్షణానికి ఆమె దాని గురించి ఏమీ అనుకోలేదు.

అనుకున్నది మరుసటి రోజు. తాడు బరువు మార్చి చూశారు, గాలి తీసేసి చూశారు, విహారి చేతి గ్లౌజుని కూడా మళ్లీ గీశారు. ఇక చేసేది లేక సలోమి విహారిలోంచి ఏలియా నాడిని తీసేసి, భార్గవి నాడిని ఎక్కించింది. భార్గవి హీరోయిన్లకి డూప్. విహారి గాల్లోకి లేచి నింగితాడుని ఒక్క ఊపులో అందుకున్నాడు.

"యా అల్లా!" అని నౌషీన్ కుర్చీలోంచి లేచిపోయింది. "మేడం, అయిపోయింది! ఇదే పెట్టేద్దాం!"

"ఆగు," అంది సలోమి. తాడులో తప్పు లేదు. గాలిలో తప్పు లేదు. ఏలియాకి తొడుగు వేసి అప్పుడప్పుడూ కొత్తగా తీసిన రికార్డింగుల్లోంచి ఆమె మొదటి ఏడాదిది తెరిచి ఎక్కించింది. విహారి తాడు పట్టుకున్నాడు. కానీ ఎడమచేతి వేళ్లు కుడిచేతి వేళ్లకంటే వెంట్రుకవాసి వెనక ముడుచుకున్నాయి. కిందటి వానాకాలం రికార్డింగులో ఆ తేడా ఇంకాస్త పెరిగింది. మొన్నటిదానిలో తాడు జారిపోయింది. విహారిని మైదానంలో ఊరికే నడిపించి చూసింది. మొదటి ఏడాది విహారి రెండు చేతులూ ఊపుతూ నడిచాడు. మొన్నటి విహారి ఎడమచెయ్యి పక్కటెముకలకి అంటుకుని ఉంది.

కోడ్‌లో తప్పు ఏడాదికేడాది ఇలా ముదరదు. సలోమి ఆ మాట పైకి అనలేదు. లేచి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, అద్దం ముందు అలాగే నిలబడిపోయింది. వాసన తెలియకపోవడం, ఒకవైపు చెయ్యి ఊగకపోవడం, పట్టు ఆలస్యం కావడం. నాడి మీద పని మొదలుపెట్టేముందు ఆమె నరాల గురించి చదివిన పుస్తకాల్లో ఈ మూడూ పక్కపక్కనే ఉండేవి. ఆ జబ్బు పేరు ఆమెకి తెలుసు. నోటితో అనడానికే ధైర్యం చాలలేదు.

ప్రణీత్ అంతా విన్నాడు. మధ్యలో ఫోను చూసుకోలేదు కూడా. విన్నాక అన్నాడు. "చాలా బాధాకరం మేడం. కానీ మనది హాస్పిటల్ కాదు. గేమ్. ఆ డేటా కంపెనీది. డేటా చూసి ఒకళ్లకి రోగం ఉందని మనం చెప్పామనుకోండి, రేపు లేదని తేలితే కేసు, ఉందని తేలితే ఇంకో కేసు. మీరు సంతకం పెట్టారు, బయట ఎవరికీ చెప్పనని."

"బయటవాళ్లు కాదండీ. వాడి చెయ్యి గురించి వాడికే చెప్పడం."

"లీగల్‌గా ఆయన బయటవాళ్లే."

"ప్రణీత్ గారూ, పై వారం క్వారీలో షాట్ ఉంది. క్రేన్ చివర్నుంచి దూకి, వేలాడే కేబుల్ పట్టుకోవాలి. నడుముకి రోప్ ఉంటుంది, కింద పడడు. కానీ పట్టు తప్పితే ఊగుతూ వెళ్లి ఎదురుగా ఉన్న ఇనుప టవర్‌కి కొట్టుకుంటాడు. ఆ షాట్ ప్లాన్ చూసే కదా మనం ఈ లెవెల్ తయారు చేసింది! గేమ్‌లో వాడు ఎన్నిసార్లు పడ్డాడో నాకంటే ఎవరికి తెలుసు?"

ప్రణీత్ నుదురు రుద్దుకున్నాడు. "సింపుల్‌గా ఆలోచించండి. భార్గవి నాడి పెట్టేసి రిలీజ్ చేద్దాం. మీ అన్నగారిని ఫ్యామిలీ మెంబర్‌లాగా, జనరల్‌గా, ఒక చెకప్‌కి వెళ్లమనండి. డేటా మాట ఎత్తకుండా."

జనరల్‌గా! ఏడాది నుంచి జలుబు అంటున్న మనిషిని! సలోమి అతని గదిలోంచి బయటికి వచ్చి, బల్లమీది లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా కృష్ణానగర్ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వేళ. సుగుణ చర్చి ఆడవాళ్ల మీటింగుకి వెళ్లింది. ఏలియా బనీనుతో కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్నాడు. సలోమి టీపాయ్ మీద లాప్‌టాప్ తెరిచి, ఆడే రిమోట్ అతని చేతిలో పెట్టింది.

"ఆడు."

"ఏంటే ఇది, వచ్చీరాగానే? మంచినీళ్లు కూడా..."

"ఆడు అన్నయ్యా. నీ పరువు నువ్వే కాపాడుకో."

ఏలియా నవ్వుతూ మొదలుపెట్టాడు. విహారి దూకాడు, పడ్డాడు. "గాలి ఎక్కువ పెట్టారు," అన్నాడు. మళ్లీ పడ్డాడు. "తాడు అంత లావుంటే ఎవడికి అందుద్ది?" మళ్లీ. "ఈ బటన్ సరిగా నొక్కుకోట్లేదు." ఆ తర్వాత వ్యాఖ్యానం ఆగిపోయింది. పడడం ఆగలేదు. గదిలో ఫ్యాను చప్పుడు, ప్రతిసారీ విహారి లోయలోకి జారిపోతూ వేసే కేక తప్ప ఇంకేమీ లేదు. చివరికి ఏలియా రిమోట్ టీపాయ్ మీద పెట్టేశాడు. తెరమీద విహారి మళ్లీ పుట్టి, గట్టు అంచున నిలబడి, చేతులు తొడలకి తుడుచుకుంటున్నాడు.

"ఇది ఎప్పుడు తీసింది?"

"రెండు నెలల కింద. మొదటి ఏడాది తీసింది పెడితే పట్టుకుంటున్నాడు. అన్నయ్యా, నేను డాక్టర్ని కాదు, కానీ..."

"వాసన రాకపోవడం కూడా ఇందులోదేనా?" అన్నాడు ఏలియా.

సలోమి చప్పున అతని మొహంలోకి చూసింది. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. "నీకు తెలుసా?"

"పేరు తెలీదు. చెయ్యి సంగతి ఏడాది బట్టీ తెలుసు." అతను ఎడమచేతిని ఒళ్లోకి తీసుకుని, పరాయివాళ్ల చెయ్యి చూసినట్టు చూశాడు. "చొక్కా గుండీలు పెట్టుకోవడం లేటవుతోంది. రిహార్సల్లో కుడిచెయ్యి ముందేసి మేనేజ్ చేస్తన్నా. ఫైట్ మాస్టారు కూడా కనిపెట్టలా. మీ బొమ్మోడు మాత్రం కనిపెట్టేశాడు, ఎదవ."

"ఏడాది!" సలోమి లేచి నిలబడింది. "ఏడాది నుంచి తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? నెలన్నర నుంచి నేను పిచ్చిదానిలా తాడు బరువు మారుస్తున్నాను, గాలి మారుస్తున్నాను, ఆఫీసులో అందరిచేతా చీవాట్లు తింటున్నాను. ఆదివారం నాడు నీ ముందే కూర్చుని మొత్తుకున్నాను కదా! నా పరువు తీస్తున్నారు అని నన్నే అన్నావు! నీకు సిగ్గుందా?"

"అరవమాకే. పక్కింటోళ్లు వింటారు."

"విననీ! క్వారీ షాట్ మానెయ్. రేపే డాక్టర్ దగ్గరికి పోదాం."

ఏలియా తల అడ్డంగా ఊపాడు. "ఈ ఒక్కటీ అవనీ. మాణిక్యం మాస్టారు ఈ సినిమాతో రిటైరవుతున్నాడు. యూనిట్ నాకిస్తానన్నాడు. ఇరవై మంది కుర్రాళ్లు నా కింద పనిచేస్తారు. తెరమీద 'ఫైట్స్: ఏలియా' అని పడుద్ది. ఈ జంప్ నేను చేస్తేనే ఆయన మాట చెల్లుద్ది. చెయ్యి సరిగా ఆడదని తెలిస్తే ఎవడిస్తాడు? నాన్న పోయాక ఒక్కటంటే ఒక్కటి అడిగానా నిన్ను? ఈ ఒక్కటీ వదిలెయ్. షాట్ అయిన మర్నాడే వస్తా. ప్రభువు తోడు."

"ప్రభువుని మధ్యలోకి లాగమాకు!"

ఎంతసేపు పోట్లాడినా అదే మాట. సలోమి ఏడ్చింది, తిట్టింది, వదినతో చెప్తానంది. చెప్తే నా చెల్లెలివి కాదన్నాడు. లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగుతూ మాణిక్యం మాస్టారి నంబరు తీసింది. ఒక్క ఫోన్ చేస్తే అన్న ప్రాణం దక్కుతుంది, అన్నం పోతుంది. మొదటిది ముఖ్యమని చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. అయినా ఇంకా వారం ఉంది కదా, ఈలోగా వాడే వింటాడు, అనుకుని నంబరు నొక్కలేదు.

వారం లేదు. హీరోగారి డేట్లు కుదరక షాట్ ముందుకి జరిపారు. ఆ సంగతి ఎవరూ సలోమికి చెప్పలేదు. గురువారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే సుగుణ ఫోన్ చేసింది. "సలోమీ, మీ అన్న టిఫిన్ బాక్స్ మర్చిపోయి వెళ్లిపోయాడమ్మా. ఇవాళే క్వారీ షూటింగంట. ఫోన్ ఎత్తట్లా. నువ్వేమన్నా అటు..."

సలోమి మిగతా మాట వినలేదు.

అన్నకి చేసింది, మాణిక్యం మాస్టారికి చేసింది. రెండూ మోగి మోగి ఆగిపోయాయి. సెట్‌లో ఫోన్లన్నీ ముందే తీసుకుని డబ్బాలో పడేస్తారని ఆమెకి తెలుసు. కథ లీకవుతుందని భయం. అంతరిక్షం నుంచి శత్రువులు రావడం, విహారి దూకడం! ఐదు సినిమాల్లోనూ అదే జరిగితే ఆరోదానిలో లీకవడానికి ఏముంది? రింగురోడ్డు మీద లారీల వెనక ఇరుక్కుని ఆమె హారన్ మీద చెయ్యి తియ్యలేదు. క్వారీ గేటు దగ్గర కాపలావాడు పాస్ అడిగాడు. లేదంది. పాస్ లేకుండా పంపనన్నాడు. ఆమె కారుని గేటుకి అడ్డంగా వదిలేసి, తాళంచెవి కూడా తియ్యకుండా, గొలుసు కింద నుంచి వంగి లోపలికి పరిగెత్తింది.

గ్రానైట్ తవ్వేసిన పెద్ద గొయ్యి. ఒకవైపు ఇనుప టవర్, ఎదురుగా క్రేన్, మధ్యలో వేలాడుతున్న కేబుల్. గొయ్యి చుట్టూ గొడుగులు, కెమెరాలు, రెండు మూడు వందల మంది జనం. క్రేన్ చివర, ఆకాశానికి అతికించినట్టు, కెప్టెన్ విహారి వెండిరంగు దుస్తుల్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా!" అని అరిచింది. గాలి ఆ మాటని క్వారీ అంచు కూడా దాటనివ్వలేదు. వాకీటాకీ పట్టుకున్న ఒక కుర్రాడు "ఉష్! టేక్ మేడం, టేక్!" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాక్షన్!" అన్నాడు డైరెక్టర్ మైకులో.

ఏలియా కదల్లేదు.

"ఏలియా, యాక్షన్!"

పైనున్న మనిషి ఎడమచెయ్యి మొహం ముందుకి తెచ్చుకున్నాడు. వేళ్లు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. కింద ఎవరో గట్టిగా నిట్టూర్చారు. కెమెరామన్ తలెత్తి చూశాడు. హీరోగారు గొడుగు కింద నుంచి లేచి, "ఏంటయ్యా ఆలస్యం? నా ఫ్లైట్ ఉంది!" అన్నారు. అప్పుడు ఏలియా కుడిచెయ్యి పైకెత్తి అడ్డంగా ఊపాడు. వెనక్కి తిరిగి, క్రేన్ నిచ్చెన పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. నిచ్చెన పొడుగైనది. అతను మెట్టుమెట్టుకీ ఆగి, కుడిచేత్తోనే పట్టుకుంటూ దిగాడు.

మాణిక్యం మాస్టారు ఎర్రబడ్డ మొహంతో నిచ్చెన కిందికి వచ్చాడు. "ఏందిరా ఇది? నా పరువు గంగలో కలిపావు కదరా!"

"మాస్టారూ," అన్నాడు ఏలియా రొప్పుతూ. "ఎడమచెయ్యి మాట వినట్లేదు. ఇయ్యాల్టిది కాదు, ఏడాది బట్టీ. మీకు చెప్పకుండా నెట్టుకొచ్చా. తప్పు నాది. ఇంకెవర్నన్నా ఎక్కించండి."

మాస్టారు దగ్గరికి వచ్చాడు. ఆ ఎడమచెయ్యి పట్టుకుని, నలిపి, వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశాడు. అలాగే పట్టుకుని నీడలోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు.

తిరుగు ప్రయాణంలో అన్నని పక్కన కూర్చోబెట్టుకుని సలోమి కారు నడిపింది. టోల్‌గేటు దాటాక ఇక ఆపుకోలేక అడిగింది. "నా అరుపు వినపడిందా?"

"అరిచావా? లేదే."

"మరి ఎందుకు దిగావు?"

ఏలియా కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నీ బొమ్మోడు గుర్తొచ్చాడే. ఎన్నిసార్లు పడినా మళ్లీ వచ్చి అదే ఊపుతో దూకుతాడు. పడతానని ఆడికి తెలీదు, పాపం. నాకు తెలుసు. తెలిసి కూడా దూకితే నేను ఆడికంటే ఎదవని కదా."

డాక్టరుగారు చెయ్యి వంచి చూశారు, నడిపించి చూశారు, బొటనవేలూ చూపుడువేలూ టపటప కొట్టమన్నారు. పార్కిన్సన్స్ అన్నారు. ఇంకా మొదటి దశ, మాత్రలున్నాయి, వ్యాయామం ఉంది, ఏళ్ల తరబడి బాగానే బతకొచ్చు, కానీ ఎత్తుల మీంచి దూకడం మాత్రం కుదరదన్నారు. సుగుణ ఆస్పత్రి వరండాలో కూలబడి, "ముక్కుకి జలుబన్నారు కదండీ," అని ఒకే మాట పదేపదే అంది. మాణిక్యం మాస్టారు యూనిట్‌ని ఇంకొకరికి ఇచ్చాడు. ఇచ్చేముందు ఇంటికి వచ్చి, చాలాసేపు కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక ఏలియా రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోరోజు సలోమికి ఫోన్ చేసి, "మీ ఓనర్‌ని కలవాలి," అన్నాడు.

ఈసారి తల పట్టుకున్నది ప్రణీత్. భార్గవి నాడితో విహారి తాడైతే పట్టుకుంటున్నాడు. కానీ అది విహారి కాదని మొదటి ప్రదర్శనలోనే అభిమానులు గోల చేశారు. ఐదు సినిమాలు చూసినవాళ్లకి ఆ నడక, ఆ దూకే తీరు ఎరుకే. ఎవరివో మాత్రం తెలియదు. పైగా క్వారీలో జరిగింది, ఏలియా జబ్బుని ముందు నాడే కనిపెట్టిందన్న సంగతితో సహా, ఊరంతా పాకింది. లాబ్‌లో తొడుగు వేసుకున్న ఫైటర్లందరూ గేటు దగ్గరికి వచ్చి, మా ఒంట్లో ఏముందో మాకు చూపించండి అంటున్నారు. ఒకడు మాత్రం, నాకు చెప్పొద్దు, చెప్తే ఊరుకోను అని వచ్చాడు.

"మేడం, మీరు అగ్రిమెంట్ బ్రేక్ చేశారు," అన్నాడు ప్రణీత్. "మిమ్మల్ని నేను..."

"తీసేద్దురు గాని," అన్నాడు ఏలియా మధ్యలో. "ముందు నా మాట వినండి సార్. నేను మళ్లీ తొడుగు వేసుకుంటా. ఇప్పుడున్న ఈ చెయ్యితోనే తాడెట్టా పట్టుకోవాలో మీవోడికి నేర్పిస్తా. ఒక్కటే షరతు. ఎవరి నాడిలో ఏం కనపడినా ముందు ఆ మనిషికే చెప్పాలి. వద్దన్నోళ్లకి చెప్పొద్దు. అంతే."

"అది సింపుల్ కాదండీ..."

"నాకూ కాదు సార్."

ప్రణీత్ గోడమీది విడుదల తేదీ వైపు చూశాడు. సలోమి వైపు చూశాడు. "సరే, కానివ్వండి," అన్నాడు నీరసంగా.

లాబ్‌లో మనిషి ఎత్తున ఒక తాడు వేలాడదీసి కింద పరుపులు పరిచారు. మాత్ర వేసుకుని, తొడుగు కట్టుకుని, ఏలియా రోజూ దూకాడు. ఎడమచేతిని నమ్మడం మానాలి. మానాలని తలకి తెలిసినా, పాతికేళ్ల అలవాటు దాన్నే ముందుకి తోసేది. పరుపుమీద పడేవాడు. తనని తానే బూతులు తిట్టుకునేవాడు. సుగుణ టిఫిన్ తెచ్చి, గాజు తలుపు అవతల నిలబడి చూడలేక తల తిప్పుకునేది. ఒక రోజు సలోమి, "ఇక చాలన్నయ్యా, చంపుకుంటున్నావు," అంటే, "నోర్మూసుకుని నీ మిషను చూసుకో," అన్నాడు.

కొత్త నాడి ఎక్కించిన రోజు నౌషీన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆమె వెనక ఏలియా, సలోమి, ప్రణీత్ నిలబడ్డారు. విహారి గట్టు అంచుకి వచ్చి దూకాడు. ఎడమచెయ్యి చాపాడు. జారిపోయాడు.

"అరె!" అంది నౌషీన్.

ఏలియా కుర్చీ వీపు మీద గుద్దాడు. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? కుడిచెయ్యి! కుడిచెయ్యి వాడరా తిక్కలోడా! ఆ చెయ్యి రాదురా ఇంక! ఒప్పుకోరా!"

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. సలోమి తిరగలేదు. తెరవైపే చూస్తూ, "మళ్లీ వెయ్యి నౌషీన్," అంది.

విహారి మళ్లీ పుట్టాడు. గట్టు అంచున చాలాసేపు నిలబడ్డాడు. దూకాడు. ఎడమచెయ్యి సగం దాకా లేచి ఆగింది. ఒళ్లంతా గాల్లో ఒక పక్కకి తిరిగింది. కుడిచెయ్యి తాడుని కొక్కెంలా పట్టుకుంది. మరుక్షణం రెండు కాళ్లూ తాడుకి మెలిపడ్డాయి. నింగికీ నేలకీ మధ్య కెప్టెన్ విహారి, కొబ్బరిచెట్టుని కావలించుకున్నవాడిలా, వంకరగా, ఊగుతూ వేలాడాడు.

ప్రణీత్ తెర దగ్గరికి వంగి చూశాడు. "పట్టుకున్నాడు, ఓకే. కానీ ఏంటండీ ఆ వేలాడడం? హీరోలా లేడు. స్టైల్ లేదు."

"స్టైలు సంగతి తర్వాత సార్," అన్నాడు ఏలియా చిరాగ్గా, తెరమీంచి చూపు తిప్పకుండా. "ముందు ఆడిని పైకి ఎక్కనియ్యండి."

నౌషీన్ బటన్ నొక్కింది. విహారి తొడలతో తాడుని బిగించి, కుడిచెయ్యి కాస్త పైకి జరిపి, ఎక్కడం మొదలుపెట్టాడు.